మొదటి తొట్టి నీళ్లు

తడి నూలు కట్టలు భుజాన వేసుకుని ఊర్మిల ఆరేసే దండేల మధ్య నడుస్తుండగా అద్దకం కార్ఖానా గేటు దగ్గర ఆటో ఆగింది. ముందు కూతురు అలేఖ్య దిగింది. ఆమె వెనుక నీలం ప్లాస్టిక్ పీపా దిగింది. దాన్ని చూడగానే ఊర్మిల నడక ఆపింది.

పొద్దున్నించి ఆమె ఒకటే కోరుకుంది. బిడ్డ ఎక్కిన జగిత్యాల బస్సు దారిలో చెడిపోవాలి, లేదంటే గట్టి వాన కొట్టాలి. బిడ్డకు ఏ చెడూ జరగొద్దని రోజూ మొక్కుకునే మనిషి ఇవాళ ఒక చిన్న చెడు జరగాలని మొక్కుకుంది.

పీపాలో ఉన్నది మక్క బెండ్ల పొడి. మొక్కజొన్న గింజలొలిచాక కోరుట్లలో ఊర్మిల అక్క పొయ్యిలో పెట్టే బెండ్లే అవి. అలేఖ్య వాటిని దంచి, పలచని యాసిడ్‌లో నానబెట్టి, కడిగి ఎండబెట్టింది. రంగు నీళ్లు ఆ పొడి మీద పోస్తే రంగు పొడిలో ఆగిపోతుంది, నీళ్లు కిందికి దిగుతాయి. ఎమ్మెస్సీలో ఆమె చేస్తున్న పని అదే.

"అమ్మా, సోమవారం సోమవారం మీ కార్ఖాన నీళ్లు ఒక సీసా కావాలె" అని అడిగితే ఊర్మిల సరేనంది. అన్నదే గానీ ఆమెకు ముందు చెడే తోస్తుంది. సీసాతో గేటు దాటుతుంటే సురేందర్ సేటు పట్టుకుంటే? మొగుడు రాజయ్య రంగు తొట్ల దగ్గర, తను దండేల దగ్గర, ఇద్దరి కూలీ ఒక్కనాడే పోతుంది. సోడా, ఉప్పు కలిసిన ఆ నీళ్లు బస్సులో ఒలికి బిడ్డ చేతులు పొక్కితే? ఆలోచించి ఆలోచించి, బతుకమ్మకు గునుగు పూలకద్దగా మిగిలిన రంగు పొట్లం తీసి, నల్లా నీళ్లలో కలిపి సీసా నింపింది. చూడ్డానికి అదే ఎరుపు. ఏ ఎరుపైతే ఏమనుకుంది.

వారం తిరక్కముందే అలేఖ్య ఫోన్ చేసింది.

"అమ్మా, నీళ్లు తెల్లగైనయ్. ఉప్పు, సోడా ఉంటే రంగు దొరకవట్టుడు కష్టమని సార్ అన్నడు. మన నీళ్లల్ల మంచిగ దొరికింది. సారే పరేషానైండు."

ఆ గొంతులో సంతోషం విన్నాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. పై సోమవారం కూడా గునుగు పూల రంగే కలిపింది.

అలేఖ్య పొడి రంగును ఆపుతోందన్న సంగతి సేటు దాకా వచ్చింది. కార్ఖానా నీళ్లు మోరీ కాలువలో పడి తంగళ్ళపల్లి పొలాల వైపు పోతాయి. అక్కడి రైతులు ఫిర్యాదు పెట్టి ఉన్నారు. మోరీ మొదట్లో ఈ పీపా పెడతాను, ఫిర్యాదు వాపసు తీసుకోండి అన్నాడు సేటు. కళ్లారా చూసి సంతకం పెడదామని ఇవాళ రైతుల తరఫున లస్మయ్య, ముసలి మొగిలవ్వ వచ్చారు.

"మా బర్లు ఎర్రపాలు ఇయ్యలే సేటూ. గదొక్కటే తక్కువున్నది" అంది మొగిలవ్వ.

"ఇగ సూడవ్వా, మోరీల నీళ్లే పాలలెక్క వస్తయ్" అని సేటు నవ్వాడు. తర్వాత పీపాలో పోసే నీళ్లు తెమ్మని ఊర్మిలకు బకెట్ ఇచ్చి, పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"మొదటి తొట్టిల ముంచకు. ఆఖరుకు జాడిచ్చే తొట్టిల ముంచుక రా. అండ్ల పల్చగుంటయ్. నీ పొల్ల ఇజ్జత్ గూడ దక్కుతది."

ఊర్మిల ముఖం భగ్గున మండింది. ఇన్నాళ్లూ తను చేసింది తల్లి భయం అనుకుంది. సేటు చెప్పినదానికీ, తను చేసినదానికీ తేడా వెతికింది. దొరకలేదు.

తొట్ల దగ్గర రాజయ్య మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాడు. సేటు మాట అతని దాకా వచ్చింది గానీ, సీసాల్లో ఊర్మిల ఏం నింపిందో అతనికి తెలియదు.

"ఆడ నిలవడ్డవేందే? జాడిచ్చే తొట్టి గిటున్నది."

"లస్మయ్య సంతకం వెడితే బర్లు గీ నీళ్లే తాగుతయ్ గదా."

"ఇప్పుడు తాగుతలేవా? సేటు చెప్పినట్టు చెయ్యి. పని వోతే మనం ఏం తాగుతం?"

ఊర్మిల మొదటి తొట్టిలో బకెట్ ముంచింది.

ఆవిరి లేస్తున్న బకెట్‌ను చూసి సేటు లేచాడు. "ఆగాగు. గవి కావు."

"గివే సేటూ. మోరీల వోయేటియి గివే."

అలేఖ్య నీళ్లలో వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య రుద్దింది. సీసా నీళ్లలో ఎప్పుడూ లేని సోడా జారుడు తగిలి ఆమె నుదురు ముడిపడింది.

"చెయ్యి తియ్యి బిడ్డా, పొక్కుతది" అని ఊర్మిల బకెట్‌ను పీపాలో వంచింది.

కింద కుళాయి నుంచి తెల్ల టబ్బులోకి కాసేపు లేత గులాబీ నీళ్లు దిగాయి. అంతలోనే చిక్కబడ్డాయి. పోసిన ఎరుపే బయటికి వచ్చింది. లస్మయ్య పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

అలేఖ్య టబ్బును చూడటం లేదు.

"అమ్మా, సీసలల్ల నువ్వు తెచ్చినయి ఏం నీళ్లు?"

ఊర్మిల తల ఎత్తలేదు. "గునుగు పూల రంగు బిడ్డా. నల్లా నీళ్లు."

"రాజయ్యా, నీ పెండ్లాన్ని ఇంటికి తోల్కపో" అన్నాడు సేటు. "రేపటిసంది ఇద్దరు రాకున్రి."

రాజయ్య ఎర్రటి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. అలేఖ్య వంగి కుళాయి కట్టేసింది. పీపా అంచు నుంచి ఎరుపు చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతూనే ఉంది.