రివాల్వర్‌లో ఆరో అర

సిద్దిపేట అంగడి వీధిలో తుపాకులు బాగుచేసే హరికిషన్‌కు భార్య లక్ష్మీబాయి పోయినప్పటినుంచి మాట్లాడే దిక్కు లేదు. ఉన్న ఒక్క మనిషీ జమేదారు రాజనర్సు. తొగుటలో ఒక దొర గడికి కాపలా కాసే ఈ పెద్దమనిషి అంగడి రోజున వచ్చి, "చెట్టుకు గురిపెడితే పుట్టకు తాకుతున్నది" అంటూ రివాల్వర్ బల్లమీద పెట్టేవాడు. ఇక సాయంత్రందాకా చాయ్, ముచ్చట్లు. జర్మనీ యుద్ధంలో ఎవరు గెలవాలో వాళ్ళిద్దరే తేల్చేసేవాళ్ళు.

రోగమేమిటో హరికిషన్ మొదటి రోజే కనిపెట్టాడు. తూటాలు పెట్టే చక్రంలో ఆరు అరలు. వాటి మూతులు గొట్టంకన్నా ఇరుకు. సీసపు గుండు అక్కడ నలిగి సన్నబడి, గొట్టంలో వదులై, ఇష్టమొచ్చిన వైపు పోతోంది. మూతుల్ని వెంట్రుకవాసి పెద్దవి చేస్తే చాలు, ఒక పూట పని. కానీ పనైపోతే మనిషి రాడు కదా! అందుకే నూనె వేసి, తుడిచి, "ఈసారి చూడున్రి" అని పంపేసేవాడు. తప్పని తెలుసు. ఒంటరితనం ఎంత పనైనా చేయిస్తుంది.

ఒకనాడు రాజనర్సు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "ముసలోని చెయ్యి వణుకుతుందని దొర నవ్వుతుండు భాయ్. వేరేటోన్ని పెట్టుకుంటడట."

హరికిషన్ అప్పటికప్పుడు మూతులు తొలవడం మొదలుపెట్టాడు. గుండును వేలితో నెడితే బిగువుగా దూరేలా ఐదింటిని సరిచేశాడు. ఆరోదాని దగ్గర చెయ్యి ఆగింది. ఒక్కటి మిగిలితే ఏం పోయింది, మళ్ళీ వస్తాడు. అట్లాగే వదిలేశాడు.

తర్వాతి అంగడికి రాజనర్సు గడపలోనే నిలబడ్డాడు. "ఐదు గుండ్లు ఒక్క జాగనే తాకినయి! దొర నోరు మూసుకుండు. ఒక్క అరే జర తేడా కొడుతుంది."

"ఇటియ్యున్రి, కూసోన్రి. చాయ్ పెడ్త" అన్నాడు హరికిషన్ సంబరంగా.

"వద్దు భాయ్. నడుస్తుంటే దెబ్బ తగిలి పేలకుండ, తూటాను కొట్టే సుత్తి కింద ఒక అర ఎప్పటికీ ఖాళీగనే ఉంచుత. ఇగ గీదాన్నే ఉంచుత. గుర్తుకు గీత గూడ పెట్టుకున్న." జమేదారు రెండు చేతులూ జోడించాడు. "నిన్ను మస్తు సతాయించిన. ఇగ నీకు తకలీఫ్ ఇయ్య."

రాజనర్సు వెనక్కి తిరిగి జనంలోకి నడిచాడు. పని లేకున్నా ఊరికే రమ్మని ఇన్నాళ్ళలో హరికిషన్ ఒక్కనాడూ అనలేదు. గబగబా గడప దాటి, "జమేదార్ సాబ్, ఊకెనన్న రాండ్రి!" అని కేక పెట్టాడు. అంగడి గోలలో ఆ కేక రాజనర్సుకు వినిపించలేదు.