సబ్బు వాసనకి వచ్చిన ఏరు

సోమవారం ఉతుకుల రోజు. టాలివర్ల ఇంటి ముందు, ఏటి ఒడ్డున, వాళ్ళ బానిస కెజయా పొద్దున్నే పొయ్యి రాజేసి పెద్ద కాగులో బూడిదనీళ్ళూ పందికొవ్వు సబ్బూ వేసి కాచేది. ఆ వాసన తగలగానే ఒహాయో ఏరు ఒడ్డెక్కి ఆవిడ కాళ్ళ దగ్గరికి వచ్చేది. ఆ ఏటి అలవాటే అంత. ఎముక వాసనకి కుక్క రాదూ, అలాగే.

ఏటికి ఇవతల మాది ఒహాయో, అవతల టాలివర్లది కెంటకీ. అక్కడ బానిసల్ని ఉంచుకోవచ్చు, ఇక్కడ కూడదు. ఏరు ఎటు జరిగితే సరిహద్దూ అటే. ఒక ఏడు కెజయా కాగుని గుమ్మడిపాదుల వెనక్కి మార్చితే, తెల్లారేసరికి పాదులు మా ఒడ్డున పడ్డాయి. మా హైరమ్ పీస్లీ కాయలు కోసుకుపోతే దొంగతనమని ఎవరూ అనలేదు. అప్పట్నుంచి ముసలి టాలివర్ కట్టడి చేశాడు, ఉతుకు ఇంటి ముందే జరగాలని. ఆయన పోయాక భార్య లెటీషియా దొరసానీ అదే నడిపించింది.

మా ఒడ్డు సంగతీ చెప్పాలి, దాస్తే కళ్ళు పోతాయి. బానిసత్వం మహాపాపమని ఆదివారం చర్చిలో బల్ల గుద్ది చెప్పేవాళ్ళం. సోమవారం పడవెక్కి అవతలి ఒడ్డుకి ఆపిల్ పళ్ళు అమ్ముకోడానికి పోయేవాళ్ళం. నల్లవాళ్ళెవరైనా వచ్చి ఊళ్ళో ఇల్లు అడిగితే మాత్రం అందరికీ ఒక్కసారే చెవుడొచ్చేది.

ఒక సోమవారం కెజయా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఆమె కూతురు డార్కస్‌కి పదిహేనేళ్ళు. ఇంటి కప్పు కారుతోందని, కొత్తది వేయించాలని, దొరసాని ఆ పిల్లని అమ్మకానికి పెట్టింది. కొనేవాడు మధ్యాహ్నం వస్తాడు. ఏటి దిగువకి, పత్తిచేలకి తోలుకుపోతాడు. అటు వెళ్ళినవాళ్ళ కబురు మళ్ళీ తెలిసింది లేదు.

పళ్ళబుట్టతో వచ్చిన హైరమ్ వరండాలో కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. కెజయా దగ్గరికెళ్ళి గొంతు తగ్గించింది.

"హైరమ్ అయ్యా, మీ పడవలో నా పిల్లని..."

"అమ్మో, నన్ను చంపకు కెజయా! పారిపోయినవాళ్ళని దాచితే నాకు జైలు. యజమానే తనంతట తను మా ఒడ్డుకి చేరిస్తే అది వేరు, అప్పుడిక బానిస కాదంటారు మా జడ్జీలు. ఈవిడ చేరుస్తుందా? ఏం చెప్పను, పాపమే, నేను కాదనను."

"పాపమని తెలిసి ఏం చేస్తారయ్యా మీరు?"

"ఏం చేస్తాం, బాధపడతాం," అని హైరమ్ రొట్టె కొరికాడు.

ఇంతలో దొరసాని పట్టుగౌను వేసుకుని బయటికొచ్చింది.

"ఏమేవ్! పెద్దమనిషి వచ్చే వేళకి ఇంటి ముందు ఈ చింకి దుప్పట్లేమిటే? పరువు పోదూ? వెనక్కి తీసుకెళ్ళు."

కెజయా చేతిలో కలియబెట్టే కర్ర ఆగింది. "వెనక్కా, దొరసానమ్మా?"

"వెనక్కే."

"కాగు కూడానా?"

"కాగూ, సబ్బూ, నీ ఏడుపుమొహమూ! ఎన్నిసార్లు చెప్పాలే? చూడు హైరమ్, ఇంటిమనిషిలా చూసుకుంటానా, ఒక్క మాట వినదు. మేం ఆ పత్తిదేశం వాళ్ళలాగా కాదయ్యా, చెయ్యెత్తి ఎరగం."

ఇంటికప్పు కోసం ఇంటిమనిషిని అమ్ముతోంది మహాతల్లి! హైరమ్ తల వంచుకుని, "వింటున్నానండీ," అన్నాడు.

ఇంటి వెనక కెజయా మాసినవి ఉతికింది. ఉతికినవే మళ్ళీ ఉతికింది. ఏరు రాలేదు. కెంటకీ దారిలో దుమ్ము లేచింది, బండి వస్తోంది.

"ఇన్నేళ్ళూ పిలవకుండానే వచ్చి కాళ్ళు తడిపావు కదే! ఇవాళ నీకేం రోగమొచ్చింది?" అని కెజయా ఏటిని తిట్టిపోసింది.

"అమ్మా, ఇల్లు అడ్డమేమోనే," అంది డార్కస్. "వాసన అటు పోవట్లేదు."

"తలుపులు తెరువు! ముందువీ, వెనకవీ, అన్నీ!"

పిల్ల పరిగెత్తి తలుపులు బార్లా తెరిచింది. కెజయా ఉన్న సబ్బంతా కాగులో గుమ్మరించింది. ఆవిరి ఇంట్లోంచి దూసుకుపోయి ముంగిట్లోకి వెళ్ళింది. ఏరు లేచింది. కోళ్ళగూడు పక్కనుంచి ఇంటిని చుట్టి, వెనక్కి వచ్చి, ఎప్పట్లాగే కెజయా పాదాల దగ్గర ఆగింది. ఇల్లూ పొయ్యీ మా ఒడ్డున పడ్డాయి, ఇంటి ముందు హైరమ్ పడవ బురదలో కూర్చుంది.

కొత్త నీళ్ళకి అవతల బండి ఆగింది. "ఆ పిల్లని ఇటు దాటించండి! లేకపోతే పారిపోయిందని పట్టిస్తా!" అని అరిచాడు కొనేవాడు.

"ఎవరు పారిపోయారండీ?" అంది కెజయా. "మేం పొయ్యి దగ్గరే ఉన్నాం."

దొరసాని వెనక గుమ్మంలోకి వచ్చి గుండెలు బాదుకుంది, వెంటే పళ్ళబుట్టతో హైరమ్ వచ్చాడు. "అయ్యో, నేను చేర్చలేదు! ఇదంతా దీని పనే!"

అందరూ హైరమ్ వైపు చూశారు. గోడమీద పిల్లి ఎటు దూకుతుందో ఎవరికి తెలుసు? అతని పళ్ళు కొనేవాళ్ళంతా కెంటకీ వాళ్ళే. డార్కస్ తల్లి గౌను అంచు పట్టుకుంది. హైరమ్ బుట్ట వంక చూశాడు, ఆ పిల్ల వంక చూశాడు.

"నేను విన్నాను," అన్నాడు. "కాగు వెనక్కి తీసుకెళ్ళమంది ఆవిడే. కెజయా మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పింది. కోర్టులోనూ ఇదే చెబుతా. ఇక ఈ పళ్ళు నేనే తినాలి కాబోలు. ఊళ్ళో మీకు ఇల్లెవరూ ఇవ్వరమ్మా, మా కొట్టం ఖాళీగానే ఉంది."

అవతల బండి వెనక్కి తిరిగింది. దొరసాని గొంతు మారిపోయింది.

"కెజయా, నా తల్లీ, కాగు మళ్ళీ ముందుకి తెచ్చి ఒక్క దుప్పటి ఉతకవే. ఒక్కటి చాలు, ఏరు తిరిగొస్తుంది."

కెజయా చెంబుతో నీళ్ళు తీసి పొయ్యిలో పోసింది. నిప్పులు చల్లారేదాకా నిలబడి, చేతులు తుడుచుకుని, కూతురి చెయ్యి పట్టుకుంది.

"నాకివాళ ఉతకబుద్ధి కావట్లేదు, లెటీషియా గారూ," అంది.