పది డిగ్రీల అల్మరా

ఆసుపత్రిలో అందరూ అతన్ని మంచుమామ అనేవారు. చనిపోయినవాళ్లు దానమిచ్చిన ఊపిరితిత్తులను ఐసులో సర్దిపెట్టడం ఇరవై ఏళ్లుగా అతని పని. ఐసు దగ్గర పిసినారితనం పనికిరాదని అతని నమ్మకం.

ఈమధ్య ఐసుపెట్టె పోయి ఫ్రిజ్ లాంటి అల్మరా వచ్చింది. అందులో పది డిగ్రీల దగ్గర ఉంచితే ఐసులోకంటే ఎక్కువ గంటలు నిలుస్తాయని డాక్టరు చెప్పాడు. మామ తలైతే ఊపాడు గానీ, ఆ మాట చెవి దాటి లోపలికి దిగలేదు.

ఆ రోజు ఉదయం ఏడింటికి ఊపిరితిత్తులు వచ్చాయి. రాత్రంతా ఆపరేషన్లు చేసిన డాక్టరు, "పదిలో ఉంటాయిగా, కాస్త నడుం వాల్చి మూడింటికి మొదలెడతా" అని వెళ్లాడు. మామ అల్మరాలో చెయ్యి పెట్టి చూశాడు. చల్లదనమే లేదనిపించింది. ప్రాణం ఒప్పక మీట నొక్కి నాలుగుకు దించేశాడు.

పదింటికి సిస్టరు గుమ్మంలోంచే అడిగింది. "పది డిగ్రీలే కదా మామా? తగ్గితే మూడింటిదాకా ఆగవు, గుర్తుందా?" జవాబు వినకుండానే కాగితం మీద పది వేసుకుని పోయింది.

మామ అల్మరా వైపు తిరిగాడు. మీట నొక్కి మళ్లీ పదికి పెంచేస్తే ఎవరికీ తెలియదు. వేలు మీటదాకా వెళ్లింది. తలుపు సందులోంచి, బెంచీ మీద ముడుచుకుని కూర్చున్న ఆ ఊపిరితిత్తులు పెట్టాల్సిన రోగి భర్త కనిపించాడు. టైలరు. వేలు వెనక్కి వచ్చేసింది.

మామ సిస్టరు వెంట పరిగెత్తాడు. "తప్పు చేశాను తల్లీ. పొద్దుట్నుంచీ నాలుగులోనే ఉంది."

"వేళాకోళమా మామా?"

"అయితే ఎంత బాగుండును!"

"బుద్ధుందా నీకు? కూరగాయలనుకున్నావా?" అంటూనే ఆమె ఫోను అందుకుంది.

డాక్టరు నిద్రకళ్లతోనే వచ్చి ఊపిరితిత్తులను పరీక్షించాడు. "ఐసు లెక్కన ఇంకా కొంచెం టైముంది. ఇప్పుడే మొదలెడదాం. నీ సంగతి తర్వాత."

ఆపరేషను గది తలుపు మూసుకోగానే టైలరు వచ్చి మామ చేతులు పట్టుకున్నాడు. "ఆపరేషను మీరే ముందుకు జరిపించారట. మీ మేలు మర్చిపోలేను బాబాయ్."

మామ చేతులు విడిపించుకున్నాడు. "మేలు కాదు నాయనా. నేను చెడగొట్టబట్టే ఈ తొందర." ఉన్నదంతా చెప్పేశాడు.

టైలరు ఆపరేషను గది తలుపు వైపు చూశాడు.

"బతుకుతుందా?"

"తెలీదు."

మామ వెళ్లబోయాడు.

"ఎక్కడికి? కూర్చో" అన్నాడు టైలరు. "డాక్టరు బయటికొచ్చి ఏం చెప్తాడో, నువ్వూ విందువుగాని."

మామ బెంచీ చివర కూర్చున్నాడు.