తీర్పు చెప్పని గది

గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లో పొలం గెట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ముల భాగాలు తెగకపోయినా, మొగుడూ పెళ్లాలు అలిగినా ఓబులేసు అరుగు మీదికే రావాలి. ఆయన రెండు పక్షాలూ విని, మీసం దువ్వి, ఒక్క మాటలో తేల్చిపారేస్తాడు. అలాంటి పెద్దమనిషికి నిద్ర కరువైంది. గుండె, షుగరు అన్నీ చూసిన డాక్టరు ఏ లోపమూ లేదని, మార్కాపురంలో గోపిక అనే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమన్నాడు.

గాజుల దుకాణం మీద చిన్న గది. మందు లేదు, సూది లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె "చెప్పండి పెదనాయనా" అని ఎదురుగా కూర్చుంది. ఆయన ఏవేవో చెప్పాడు. ఆమె విన్నది. బయటికొచ్చి చూసుకుంటే ఒక్క సలహా చేతిలో పడలేదు. మోసపోయానేమో అనుకున్నాడు. కానీ ఆ రాత్రి కాస్త కునుకు పట్టింది. ఎందుకు పట్టిందో తేలకపోతే ఓబులేసుకు తోచదు. అందుకే మళ్లీ బస్సెక్కాడు.

ఈసారి ఆమెను పరీక్షించాలని పథకం వేసుకుని మరీ వచ్చాడు.

"మా ఊళ్లో ఒకాయన ఉండాడమ్మా," అని ఎత్తుకున్నాడు. "నా మాదిరే పెద్దమనిషి. ఆయన కూతురు పొదిల్లో బడిపంతులమ్మ. ఉద్యోగం మానెయ్యమని అత్తగారింట్లో పోరు. పాపం, అలిగి వచ్చింది. సొంత బిడ్డని పక్షపాతం చూపినాడంటారని ఈయన పదిమందిని పిలిచి పంచాయతీ పెట్టినాడు. కూతుర్నొక పక్క, అల్లుణ్నొక పక్క నిలబెట్టినాడు. ఉద్యోగం మానుకుని కాపురానికి పొమ్మని తీర్పు చెప్పినాడు. ఊరంతా శభాష్ అనె. పిల్ల పోయింది. అప్పట్నుంచి తండ్రితో మాట్లాడదు. ఇప్పుడు చెప్పు, తప్పెవరిది?"

ఇరికించానని లోలోపల ఒకటే సంబరం. తీర్పు చెప్పక ఎక్కడికి పోతుంది?

గోపిక కుర్చీలో కాస్త ముందుకు జరిగింది. "ఊరంతా శభాష్ అన్నప్పుడు ఆ తండ్రికి ఎట్ల అనిపించింది పెదనాయనా?"

ఓబులేసు తెల్లబోయాడు. ఇన్నేళ్ల పంచాయతీల్లో ఎవరేం చేశారో అడిగాడు, ఎవరు చూశారో అడిగాడు. ఎట్లా అనిపించిందని ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు.

"బాగనే ఉండె," అన్నాడు. తర్వాత, "ఏం బాగు! ఆ పిల్ల కాళ్లు వణుకుతా ఉండె. నేను చూసినా. చూసి తల తిప్పుకున్నా. ఇంకాసేపు చూస్తే తీర్పు మారిపోతాదని."

'నేను' అన్న సంగతి అన్నాకగానీ ఆయనకు తెలియలేదు. చెవులు వేడెక్కాయి. దొరికిపోయావు అన్నట్టు ఆమె చూడలేదు.

"మారిపోతుందని భయమేసింది," అన్నది మెల్లగా.

అంత మీసమున్న మనిషీ కండువాలో మొహం దాచుకుని ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు, తొందరపెట్టలేదు. ఎదురుగా ఉండిపోయింది.

"మరి నన్నేం చెయ్యమంటావమ్మా?"

"నేను చెప్తే అది నా తీర్పవుతుంది. మీ బిడ్డ మీకు తెలిసినట్టు నాకు తెలియదు కదా. దారి మీకే దొరుకుతుందని నా నమ్మకం. దొరికేదాకా నేను తోడుంటా."

ఇదెక్కడి వైద్యమో అనుకుంటూ బస్సులో కిటికీ పక్కన కూలబడ్డాడు. తప్పు పట్టలేదు, మెచ్చుకోలేదు, మరి గుండెల్లో బరువు ఎట్లా దిగింది? ఆమె చేసిందల్లా వినడమే. ఊరందరి గోడూ తనూ వింటాడు కదా! అక్కడ తట్టింది ఆయనకు. ఎదుటివాడు సగం చెప్పేసరికే తన తీర్పు తయారైపోతుంది. మిగతా సగం మర్యాదకు వింటాడు. కూతురు వాణి విషయంలో ఆ మర్యాద కూడా చూపలేదు.

కంభం బస్టాండులో దిగి కూతురికి ఫోన్ చేశాడు. వాణి ఎత్తి, ఎప్పటిలాగే "అమ్మకియ్యి" అన్నది.

"అమ్మ ఈడ లేదు తల్లీ. నేనే చేసినా. ఆ పొద్దు నిన్ను చెప్పనియ్యలేదు. ఇప్పుడు చెప్తే వింటా."

అవతల ఉలుకూ పలుకూ లేదు. పొద్దున ఉన్న ఓబులేసయితే ఆ ఖాళీని నాలుగు బుద్ధిమాటలతో నింపేసేవాడు. బస్సు హారన్ కొట్టింది. పోతే పోనీ అని నిలబడ్డాడు.

"అందరూ నన్నే చూస్తా ఉంటే నేను నీ దిక్కు చూస్తా ఉంటి," అన్నది వాణి. "నువ్వు ఒక్కసారన్నా చూడలేదు."

ఆ మాట గుచ్చుకుంది. అట్లా కాదమ్మా అనబోయి మింగేశాడు. ఆమె చెప్పుకుపోయింది. వదిలేసి వచ్చిన బడి గురించి, పొద్దంతా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం గురించి, మళ్లీ చేరతానంటే మొగుడు ఇంకా ఊ అనకపోవడం గురించి. అల్లుణ్ని పిలిపించి కడిగిపారేద్దామని ఓబులేసు నాలుక దురద పెట్టింది. పళ్లు బిగబట్టాడు. వింటుంటే బిడ్డ మీద ప్రేమ పొంగుకొచ్చి కళ్లు నిండిపోయాయి.

చెప్పి చెప్పి వాణి ఆగింది. అటునుంచి చప్పుడు లేదు. నాయన ఇంతసేపు నోరు మెదపకుండా ఉండడం ఆమె పుట్టి ఎరగదు. లైను తెగిపోయిందనుకుంది.

"నాయనా," అన్నది కంగారుగా. "ఉండావా?"

"ఉండా తల్లీ," అన్నాడు ఓబులేసు. "చెప్పు."