అవిసె గింజల డబ్బా

బూట్లు కుట్టడంలో జేబెజ్ పర్కిస్‌కి బెత్నల్ గ్రీన్ పేట మొత్తంలో వంక పెట్టేవాడు లేడు. అతని పిట్టకి మాత్రం వంక పెట్టనివాడు లేడు. లిన్నెట్ అనే ఆ పాటల పిట్ట ఇంటికొచ్చి ఏడాదైంది, కిక్కురుమంటే ఒట్టు.

"ఈ ఆదివారం పిట్టల పాటల పందెంలో కూడా నోరు విప్పలేదనుకో, పంజరం తలుపు నేనే తీసేస్తా. తిండి దండగ!" అంది భార్య కెజయా. ఆవిడ అన్నదంటే చేస్తుంది. జేబెజ్‌కి మాత్రం ఆ పిట్ట కావాలి. పొద్దున్నే పనిబల్ల ముందు కూర్చోగానే తల పక్కకి వంచి అతన్నే చూసే ప్రాణి అదొక్కటే.

పై వాటాలో ఉండే ఐర్లండు ముసలమ్మ ఊనా పంజరంలోకి తొంగిచూసింది.

"ఏం పెడుతున్నావయ్యా దీనికి?"

"ఆవాలూ, రొట్టె పొడీ అవ్వా."

"నీ మొహం! మా ఊళ్లో అవిసెని లింట్ అంటాం. ఆ చేల మీద వాలి, ఆ గింజలు తిని బతుకుతుందనేగా దీన్ని లిన్నెట్ అన్నారు! రోజూ నోరారా పేరు పెట్టి పిలుస్తూ, ఆ పేరులో ఉన్న తిండి మాత్రం పెట్టవా?"

అవిసె గింజలు ఇంట్లోనే ఉన్నాయి. అతనికి దగ్గొస్తే కెజయా వాటిని నూరి, వేడిచేసి, గుడ్డలో ఛాతీకి కట్టు కడుతుంది. మర్నాడు ఆవిడ బజారుకి వెళ్లగానే జేబెజ్ ఆ రేకు డబ్బాని గలగలా ఆడించి, గుప్పెడు తీసి పంజరంలో వేశాడు. మూడోరోజుకి పిట్ట గొంతు విప్పింది. ఆ తర్వాత డబ్బా గలగలమంటే చాలు, అందుకునేది. భార్యకి చెబుదామంటే డబ్బా సంగతి బయటపడుతుంది. అందుకే ఆవిడ ఇంట్లో లేనప్పుడే డబ్బా ఆడించేవాడు.

ఆదివారం పొద్దున సారాకొట్టు గోడకి పంజరాలు వేలాడదీశారు. పావుగంట గడువు. పిట్ట పాట పూర్తిచేసినప్పుడల్లా కొట్టు యజమాని హాబ్డే సుద్దతో ఓ గీత గీస్తాడు. పిట్టగలవాడు ఈల వేయకూడదు, గింజ చూపకూడదు. పదినిమిషాలయ్యేసరికి పోటీకొచ్చిన టక్ పిట్టకి తొమ్మిది గీతలు. జేబెజ్ పిట్ట ఈకలు ఉబ్బించుకుని మూగనోము పట్టింది.

అప్పుడే తలుపు ధడాలున తెరుచుకుంది. చేతిలో డబ్బాతో కెజయా!

"రాత్రంతా ఖళ్ళుఖళ్ళున దగ్గావు, కట్టు కడదామని చూస్తే అడుగున నాలుగు గింజలున్నాయి! నీ ఛాతీకి దాచినవి ఆ పిట్ట పొట్టలో పోశావా?" అంటూ డబ్బాని అతని ముక్కు దగ్గర ఆడించింది.

గలగల. లిన్నెట్ పాట అందుకుంది. హాబ్డే ఓ గీత గీశాడు.

కెజయా డబ్బా ఆడించడం ఆపి పంజరం వైపు తిరిగింది. పిట్టా ఆగిపోయింది.

"తిట్టవే కెజయా! నీకు పుణ్యముంటుంది, ఆపకు!" అన్నాడు జేబెజ్.

ఆవిడకి చిటికెలో సంగతి అర్థమైంది. పెళ్లినాటి బిగుతు బూట్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి, డబ్బా ఆడిస్తూ, ఇరవైయేళ్ల కోపాలన్నీ ఏకరువు పెట్టింది. గడువు ముగిసేసరికి టక్‌కి పదమూడు, జేబెజ్‌కి పద్నాలుగు.

"ఇది అన్యాయం!" అని ఎగిరాడు టక్.

"ఈల వద్దన్నాం, గింజ చూపొద్దన్నాం. పెళ్లాం తిట్టకూడదని ఎక్కడుంది? అదే ఉంటే ఇక్కడికి ఒక్కడూ రాలేడు," అన్నాడు హాబ్డే.

ఇంటికి వెళ్తుంటే పంజరాన్ని కెజయాయే శాలువా కింద పెట్టుకుని మోసింది.

"తలుపు తీసేస్తానన్నావుగా?" అడిగాడు జేబెజ్ బెరుకుగా.

"తీయక? గింజలు ఎట్లా వేస్తాను మరి!" అంది కెజయా. "రేపటినుంచి డబ్బాలు రెండు. నీ దాంట్లో దీన్ని ముక్కు పెట్టనివ్వను, దీని దాంట్లో నిన్ను వేలు పెట్టనివ్వను."