ఈ ఇంట్లో ఉండుట లేదు

పెళ్ళయి డెబ్బై రోజులు. వీణకు అన్నీ నచ్చుతున్నాయి. పొద్దున్నే గల్లీలోకి వచ్చే బిస్కెట్ల బట్టీ వాసన నచ్చింది. కొత్త స్టీలు డబ్బాల మీద ప్రేమ్‌రాజ్ పేరు పక్కన తన పేరు చెక్కి ఉండటం నచ్చింది. బస్ డిపోలో మెకానిక్ అయిన అతని గోళ్ళలో ఎంత కడిగినా పోని గ్రీజు కూడా ముద్దుగానే ఉంది. నచ్చనిది ఒక్కటే. పురానాపూల్ దగ్గరి ఆ ఇంట్లో రెండే గదులు. ముందు గదిలో చీర తెరకు ఇవతల కొత్త జంట, అవతల అత్త కళావతి. నవ్వొస్తే దిండులో మొహం దాచుకుని నవ్వాలి. వెనక గదిలో మాత్రం ఒక్కడే మనిషి, ప్రేమ్‌రాజ్ పెద్దబాపు ఎల్లప్ప. ఆ గదికి మూసీ వైపు కిటికీ ఉంది.

ఎల్లప్ప చెడ్డవాడేం కాడు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే పని ఆయనది. వీణ పుట్టింటి నుంచి తెచ్చుకున్న గిన్నెలన్నింటికీ అడక్కుండానే కళాయి వేసి, వెండిలా మెరిపించి ఇచ్చాడు. పదకొండేళ్ళ కింద మాత్రం ఒక తప్పు చేశాడు. ఎవరిదో బరాత్‌లో ఎవరో చేతిలో పెట్టిన నాటు తుపాకీని సరదాకు పేల్చాడు. గుండు డప్పు కొట్టే మనిషి తొడలో దిగింది. ఆ మనిషి బతికాడు. ఎల్లప్ప మూడేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. ఈ సంగతి గల్లీ అంతటికీ తెలుసు. ఎవరూ ఎత్తరు.

పోయిన నెల పక్క బస్తీలో ఎవడో పట్టపగలు తుపాకీ పేల్చాక, గల్లీ కమిటీ పెద్ద బసవయ్య సేట్ ఇల్లిల్లూ తిరిగాడు. నయాపూల్‌లో హోల్‌సేల్ దుకాణం ఉన్న మనిషి. కుర్చీ వేస్తే చివరన కూర్చున్నాడు.

"తుపాకి కేసుల్ల శిక్ష పడ్డోళ్ళ లిస్టు గల్లీ మొగదల బోర్డు పెడ్తమమ్మా. పేరు, ఫొటో, ఇంటి నంబరు. ఆదివారం మీటింగు. ఇంటికొక చెయ్యి."

కళావతి మొహం వాడిపోయింది. "మా నంబరు గుడ వస్తదా సేట్?"

"మనిషుంటె వస్తది. గల్లీల ఉన్నోళ్ళ పేర్లే కద రాసేది."

"అంటే మనిషి లేకుంటె రాదా?" అని వీణ అడిగింది.

బసవయ్య ఆమె వైపు మెచ్చుకోలుగా చూశాడు. "చదువుకున్న పిల్ల."

ఆ రోజంతా వీణ మనసు ఊయలలా ఊగింది. ఆ కిటికీకి ఏ రంగు పరదా బాగుంటుందో అప్పుడే ఆలోచించేసింది. ప్రేమ్‌రాజ్ అన్నం తింటుంటే పక్కన కూర్చుని, పెద్దమామ కొన్నాళ్ళు వేరే చోట ఉంటే ఇంటి నంబరు బోర్డెక్కదని చెప్పింది.

"ఈ ఇల్లు మా తాత కట్టిండు వీణా. పెద్దబాపును ఎట్ల పొమ్మంట?"

"పొమ్మంటున్ననా? లొల్లి సద్దుమణిగెదాంక. రేపు మనకు పిల్లలైతె బళ్ళె ఏమని చెప్తరు?"

పిల్లల మాట వినగానే అతను సిగ్గుపడి నవ్వాడు. ఆ నవ్వే ఒప్పుకోలు. కళావతి గిన్నెలు సర్దుతూ విననట్టే ఉంది.

ఆదివారం పొద్దున ఎల్లప్పే వీణ దగ్గరికి వచ్చాడు. కొత్తగా ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"బిడ్డా, మీటింగుకు నువ్వే పో. మాట్లాడనీకి ఎర్కున్నదానివి. చెయ్యి మాత్రం ఎత్తకు. మనింటోళ్ళు ఎత్తకుంటె ఇంకెవ్వరెత్తరు. నాకు గీ ఎనక అర్ర తప్ప ఇంకేమున్నది?"

"సరే పెద్దమామా. నీకు ఫికరెందుకు?" అంది వీణ.

కమ్యూనిటీ హాల్లో ముప్ఫై ఆరు ఇళ్ళ వాళ్ళు చేరారు. తీర్మానం రాయమని బసవయ్య వీణకు రిజిస్టరు ఇచ్చాడు. కొత్త పెన్ను, నున్నటి కాగితం. అక్షరాలు ముత్యాల్లా పడుతుంటే ఆమెకు ఎంత హాయిగా ఉందో!

రిటైరైన కండక్టర్ డానియేలు లేచాడు. "సేట్, ఒక్కసారి టికెట్ తీసుకున్నోన్ని దిగేదాంక మళ్ళ మళ్ళ టికెట్ అడుగుతమా? ఆయన శిక్ష అయిపాయె. మళ్ళ గీ బోర్డు ఏంది?"

"నీ మనుమరాలు ఆడుకునే గల్లీల ఎవలున్నరో నీకు ఎర్క ఉండొద్దా అన్నా?"

"ఎర్కే గద. ఎల్లప్ప ఉన్నడు. మా ఇంట్ల బిర్యానీ డేగ్చాకు ఆయనే కళాయి పెట్టిండు."

"గిన్నె ఇయ్యి, తుపాకి ఇయ్యకు, అంతే!" అని వెనక నుంచి సుగుణమ్మ అనేసరికి హాలంతా నవ్వింది.

"సరే, బోర్డు పెట్టాలన్నోళ్ళు చెయ్యెత్తున్రి" అన్నాడు బసవయ్య.

నాలుగు చేతులు లేచాయి. ఐదోది సగం లేచి ఆగింది. మిగతా వాళ్ళంతా వీణ వైపు చూశారు. వీణ పెన్ను పక్కన పెట్టి, చెయ్యి నిటారుగా ఎత్తింది. పెళ్ళిగాజులు మోచేతి దాకా జారి గలగలమన్నాయి. ఆ చప్పుడు హాల్లో ఎంత బాగా వినిపించిందో!

"ఇంటోళ్ళకే లేని బాధ మనకెందుకు?" అంది సుగుణమ్మ. ఆమె చెయ్యి లేచింది. తర్వాత వరుసగా లేస్తూనే ఉన్నాయి. డానియేలు కాసేపు వీణను చూశాడు. తల వంచుకుని ఆయన కూడా ఎత్తాడు. ముప్ఫై ఆరింట్లో ముప్ఫై రెండు. వీణ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి కింద గీత గీసింది.

వీణ ఇంటికి వచ్చేసరికి ఎల్లప్ప గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఎందరెత్తిన్రు బిడ్డా?"

"మస్తుమంది పెద్దమామా. ఏం చేస్తం?"

"మనది?"

"నేను రాసుకుంట కూసున్న. నా చెయ్యి ఖాళీ ఏడున్నది?" అని నవ్వింది.

ఆయన కూడా నవ్వాడు. ఇంటి నంబరు బోర్డు మీదికి ఎక్కకుండా ఉండాలంటే తాను కొన్నాళ్ళు బయట ఉండాలని వీణే నెమ్మదిగా చెబితే, నిజమే అన్నాడు. మర్నాడు మొఘల్‌పురాలో ఎవరో గది ఇస్తారని పనిముట్ల సంచీ, దుప్పటి తీసుకుని వెళ్ళాడు.

ఎనిమిది రోజులు వీణ కాళ్ళు నేల మీద లేవు. గోడలకు లేత ఆకుపచ్చ రంగు. కిటికీకి పసుపు పరదా. సాయంత్రం మూసీ గాలికి పరదా ఉబ్బితే, ప్రేమ్‌రాజ్ దాని వెనక దాక్కుని భయపెట్టేవాడు. వీణ గొంతెత్తి నవ్వేది. అవతలి గదిలో అత్తకు వినబడినా సరే.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఎల్లప్ప వచ్చాడు. ప్రేమ్‌రాజ్ డిపోలో ఉన్నాడు. కళావతి తాను ఆయాగా పనిచేసే బడికి వెళ్ళింది. ఆయన వరండా దాటి లోపలికి రాలేదు.

"ఎవ్వరిస్తలేరు బిడ్డా. మూడు దగ్గర్ల అడిగిన. ఆధార్ చూసి మన గల్లీ కమిటీకి ఫోన్ చేస్తున్రు. సేట్ చెప్తుండు." చెమట తుడుచుకున్నాడు. "అర్ర మీరే ఉంచుకోండ్రి. నేను గీ వరండాల ఒరుగుత."

వీణ మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన తాగుతుండగా లోపలి నుంచి కమిటీ ఇచ్చిన ఫారం పట్టుకొచ్చింది. ఆ రోజు ఇవ్వకపోతే ఇంటి నంబరు బోర్డు మీద పడుతుంది. పై వరుసలో ఎల్లప్ప పేరు, కింద 'ఈ ఇంట్లో ఉండుట లేదు' అన్న మాట ఆమె ఎప్పుడో రాసి ఉంచింది.

"ఎవలన్న చూస్తె మా అందరి పేరు పోతది పెద్దమామా. జర గీడ సంతకం పెట్టు."

ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని నెమ్మదిగా చదివాడు. "నీ రాత మంచిగుంది బిడ్డా" అని, వంకర అక్షరాలతో సంతకం పెట్టాడు.

ఇంకో గడి ఖాళీగా ఉంది. ప్రస్తుత చిరునామా.

"గీ గడిల ఏం రాయాలె?"

"ఏం రాస్తవ్? నీ ముందట్నే ఉన్న గద."

వీణ పెన్ను కొస పంటి కింద పెట్టుకుని ఆలోచించింది. ఆ గడిలో 'తెలియదు' అని అందంగా రాసి, సిరా ఆరేలా ఉఫ్ అని ఊదింది. బసవయ్య సేట్ భోజనానికి వెళ్ళేలోపు ఇచ్చేయాలి. చెప్పులు వేసుకుని తాళం తెచ్చింది. వరండా గేటుకు తాళం వేయాలంటే ఎల్లప్ప మెట్టు దిగాలి.

"జర జరుగు పెద్దమామా" అంది.