జనం లేని సీను

ఫిల్మ్‌నగర్‌లో వేసిన కాలేజీ సెట్టు మేడ మీంచి నాగసాయి కింద పడ్డాడు. యూనివర్సిటీ డ్రామా క్లబ్బు కుర్రాడు. హీరోకి జేజేలు కొడుతున్న గుంపులో తోపులాటైంది, రంగు పూసిన అట్ట రెయిలింగు ఊడొచ్చింది. డైరెక్టరు "కట్" అనేదాకా ఎవర్నీ అతని దగ్గరికి పోనివ్వలేదు.

నడుం విరిగింది. మర్నాడు యూనివర్సిటీ నోటీసు బోర్డుకి ఒక కాగితం వేలాడింది. విద్యార్థులు ఇష్టపడే వెళ్లారట, యాజమాన్యానికి బాధ్యత లేదట. కింద క్లబ్బు కార్యదర్శి దీనా సంతకం.

సంతకం ఆమెదే. కల్చరల్ డీన్ రాఘవేంద్ర అడిగితే చదవకుండానే పెట్టింది. షూటింగుకి రాకపోతే క్లబ్బు మార్కులుండవు, మార్కులు లేకపోతే హాల్‌టికెట్ ఉండదు. నాటకం నేర్చుకుందామని చేరిన నలభై మంది వారం రోజులుగా ఎండలో చప్పట్లు కొడుతున్నారు. పేరుకు క్లబ్బు, చేసేది వెట్టి!

దీనా తల్లి కరుణాకుమారిది కృష్ణానగర్. అక్కడి చాలామందిలాగే జూనియర్ ఆర్టిస్టు, సినిమా గుంపుల్లో నిలబడి కూలి తెచ్చుకునే మనిషి. వారంగా ఆమెకు పిలుపు లేదు.

"మమ్మల్నెందుకు పిలవలేదో ఇప్పుడు తెలిసిందే. మా కడుపు కొట్టింది నువ్వా!"

"నాకు తెలీదమ్మా," దీనా ఏడ్చేసింది.

"ఏడిస్తే ఏమొస్తుంది? సీను సగమేగా తీశారు. ఇవాళ మళ్లీ అవే మొహాలు, అవే బట్టలు కావాలి. మీరు కూర్చుని లేవకపోతే నిన్న తీసిందంతా బూడిదలో పోసిన పన్నీరే."

క్యాంటీన్‌లో క్లబ్బు వాళ్లకి ఆ మాట చెబితే, వాళ్లలో హరిణి మీదికొచ్చింది.

"సంతకం పెట్టి ముంచింది నువ్వు. గిప్పుడు హాల్‌టికెట్ గిట్ల పోగొడతవా? మా నాయిన ఆటో తోలి సదివిస్తుండు!"

"అవును, ముంచింది నేనే. రేపింకొకరు పడితే ఆ కాగితం మీదా నా సంతకమే ఉంటుంది. నావల్ల కాదు హరిణీ."

హరిణి పుస్తకాలు సంచిలో వేసుకుంది.

"దవాఖానల నాగసాయి వాళ్లమ్మ ఒక్కతే ఉంది," అంది హరిణి చివరికి. "యూనివర్సిటీ నుంచి ఒక్కడు పోలే. పాండ్రి, కూసుందాం."

సెట్టు మీద నాగసాయి తప్ప మిగతా ముప్పైతొమ్మిది మందీ నిన్నటి బట్టలతో నిన్నటి చోట్లలోనే కూర్చున్నారు. "యాక్షన్" అన్నా లేవలేదు. రాఘవేంద్ర పరుగెత్తుకొచ్చాడు.

"దీనా! డిగ్రీ ఉండదు నీకు!"

 దీనా లేచి చెప్పింది. "వీళ్లనెవర్నీ అడక్కుండా నేనొక్కదాన్నే సంతకం పెట్టాను సార్. ఆ తప్పు నాది. నాగసాయి వైద్యం బాధ్యత మీది. ఈ పని మా అమ్మావాళ్లది."

ప్రొడక్షన్ మేనేజర్ త్రినాథరావు నవ్వాడు. "మీరు పోతే కృష్ణానగర్ గొడ్డుపోయిందా? వాళ్లను పెట్టి మొదట్నించీ తీస్తాం."

గంటలో వ్యాన్లు దిగాయి. వారంగా పని లేని మనుషులు, రమ్మంటే రారా మరి! ముందు నడుస్తున్నది కరుణాకుమారే. దీనా తల దించేసుకుంది. ఆకలి ముందు ఎవర్నేమనగలదు?

కరుణాకుమారి వచ్చి హరిణి పక్కన చతికిలబడింది. వెనకే ఒక్కొక్కరూ కూర్చున్నారు. వాళ్లలో పుష్పవల్లి మాత్రం చాలాసేపు నిలబడే ఉంది. ఇంట్లో పొయ్యి వెలగని మనిషి. చివరికి ఆమె కూడా చెంగు దోపుకుని కూలబడింది.

త్రినాథరావు పిలిపించిన పోలీసులు దీనాను జీపెక్కించారు. అది గేటు దాటకముందే పిల్లల ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ముప్పైతొమ్మిది మంది హాల్‌టికెట్లూ రద్దు.

హరిణి ఆ మెసేజీ చదివి బావురుమంది. వెక్కుతూనే ఉంది, లేవలేదు.